పసుపు రంగు మీద నేను రాసిన ఫిర్యాదులు

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నేను మా ఆఫీసుకు నలభై ఒక్క ఫిర్యాదులు రాశాను. నకళ్లన్నీ ఇంట్లో ఒక ప్లాస్టిక్ సంచిలో భద్రంగా ఉన్నాయి. వాటిలో మూడు పసుపు రంగు మీద రాసినవి. ఈ మధ్య వీధికుక్కల పనిలోకి కొత్తగా వచ్చిన ఇద్దరు ముగ్గురు పిల్లలు నన్ను వెతుక్కుంటూ వచ్చి, మీ అనుభవాలు చెప్పండి అని అడిగారు. అనుభవాలంటే అందరూ తాము కాపాడిన కుక్కల గురించే చెబుతారు. అవి వినాలనుకుంటే మా ఆఫీసులో గోడ నిండా ఫొటోలున్నాయి, వెళ్లి చూసుకోండి. నేను మాత్రం ఆ పసుపు రంగు సంగతే చెబుతాను.

ముందు నా గురించి. నేను పుట్టింది, పెరిగింది బొంబాయి కామాఠిపురలోనే. మా తాత తెలంగాణ నుంచి రాళ్లు మోసే పనికి బొంబాయి వచ్చాడు. మా నాన్న సున్నం పనిచేశాడు. నేను కుక్కలు పట్టే పనిలో చేరాను. మా సంస్థ చిన్నది. పేదల బస్తీల్లో వీధికుక్కలకు ఆపరేషన్లు చేయించడం, టీకాలు వేయడం, ఇళ్లల్లో పెంచుకునే కుక్కకో పిల్లికో మేకకో జబ్బు చేస్తే ఉచితంగా మందివ్వడం దాని పని. వల పట్టుకుని చేరినవాడిని, చివరికి గల్లీల పనంతా చూసుకునే స్థాయికి వచ్చాను. సూపర్‌వైజర్ అని అందరూ పిలిచారు గానీ, ఆ మాట రాసిన కాగితం నాకెవరూ ఇవ్వలేదు. ఒకసారి పేపర్లో మా బృందం ఫొటో వేశారు. అందులో కుక్క పూర్తిగా ఉంది. డాక్టర్లు పూర్తిగా ఉన్నారు. నాది వల పట్టుకున్న చెయ్యి మాత్రమే పడింది. అది నా పద్దెనిమిదో ఫిర్యాదు.

నేను రిటైర్ కావడానికి కొన్నేళ్ల ముందు ఒక డాక్టరమ్మ వచ్చింది. మరాఠీ అమ్మాయి, వయసులో నా కూతురికన్నా చిన్నది. మొదటి రోజే నన్ను 'అంకల్' అంది. మిగతా మగవాళ్లందరినీ పేరు పెట్టి పిలిచేది. సరే, అది వదిలేద్దాం. పనిలో మాత్రం ఆమెను తప్పు పట్టలేను. ఆమె తెచ్చిన పద్ధతి ఇది. మూడు రోజుల పాటు గల్లీ గల్లీ తిరిగి దొరికిన ప్రతి కుక్కకూ పిచ్చి కుక్క రోగం రాకుండా టీకా వేయాలి. టీకా వేసిన కుక్క తల మీద రంగు కడ్డీతో ఒక గీత గీయాలి. తర్వాత ఇంకొకరు పుస్తకం పట్టుకుని అవే గల్లీలు తిరిగి, గీత ఉన్న కుక్కలెన్ని, లేని కుక్కలెన్ని అని రాయాలి. గీత లేనివి ఎక్కువగా ఉన్న గల్లీకి మళ్లీ వెళ్లాలి. మంచి పద్ధతే. నాకు రాలేదే ఈ ఆలోచన అని బాధపడ్డాను కూడా.

ఆ రంగు కడ్డీ పసుపుది. మైనం లాంటిది, గొర్రెల మీద గీసేది. ఏ దుకాణంలో తక్కువకు వచ్చిందో తెలియదు, ఒక పెట్టె నిండా తెచ్చారు. మొదటి రోజే నా చొక్కాకు అంటింది. మా ఆవిడ మూడుసార్లు ఉతికినా పోలేదు. మొదటి ఫిర్యాదు రాశాను: ఈ రంగు బట్టలకు అంటితే పోవడం లేదు, మార్చగలరు. జవాబు లేదు. రెండోది రాశాను: ఈ రంగు చేతికి అంటితే సబ్బుకు పోదు, కిరోసిన్‌కు పోదు, అన్నం ముద్ద కలిపితే వేళ్లు చూసి తినబుద్ధి కావడం లేదు. జవాబు లేదు. మూడోది, మొదటి రెండింటికీ జవాబు ఇవ్వనందుకు. ఈ మూడింటిలో ఏం రాశానో గుర్తుంచుకోండి. ఆ రంగు పోదని నా చేత్తో నేనే రాసి సంతకం పెట్టాను.

అది ఆషాఢం. గురు, శుక్ర, శనివారాలు వానలో తడుస్తూ టీకాలు వేశాం. ఆదివారం మా గల్లీల్లో పోచమ్మ బోనాలు. డప్పులు, జనం, ఆ రద్దీలో కుక్కలను పట్టలేమని సెలవిచ్చారు. సోమవారం లెక్క రాసే పని నాకు పడింది. ఎనిమిది గల్లీలు తిరిగాను. చూసిన కుక్కల్లో చాలావాటి తలల మీద పసుపు కనిపించింది. నాకు గర్వంగా కూడా అనిపించింది. పుస్తకం డాక్టరమ్మ బల్ల మీద పెట్టి, మళ్లీ వెళ్లాల్సిన గల్లీ ఒక్కటీ లేదన్నాను. ఆమె 'అంకల్, సూపర్' అంది. పొగిడింది నన్నో, గల్లీలనో తెలియలేదు.

బుధవారం సాయంత్రం ఒకతను మేముండే వరస గదుల మేడ, అదే చాల్, మెట్ల దగ్గర నా కోసం నిలబడి ఉన్నాడు. ముప్పై ఏళ్లుంటాయి. పాలమూరు నుంచి బిల్డింగు పనికి వచ్చినవాడు. మా పక్క చాల్ పై అంతస్తులో ఒక్క ఖోలీలో, అంటే ఒక్క గదిలో, పదిమంది వరకూ ఉండేవారు, అందులో ఒకడు. ప్యాంటు పైకి మడిచాడు. పిక్క మీద కుక్క పళ్లు దిగిన గాట్లు కనిపించాయి, నెత్తురు ఎండిపోయింది.

"కాకా, కుక్కల ఆఫీసు నీదే గద?"

"నాది కాదు. అందులో పనిచేస్త. ఏ కుక్క?"

"కింద ఖోలీ అవ్వది. మెట్ల మీద పండుకున్నది. నేను సూడక తోక తొక్కితిని, అది పట్టె."

"తోక తొక్కితే నేను గూడ కరుస్త" అన్నాను. అతను నవ్వాడు.

"సూదులు ఏస్కోవాల్నా కాకా? మా మేస్త్రి పనికాడికి రమ్మంటున్నడు. దవాఖానకు పోతే దినమంత లైన్ల నిలవడాలె అంటున్రు."

నేను అతన్ని వెంటబెట్టుకుని పక్క చాల్‌కు వెళ్లాను. కుక్క మెట్ల కిందే పడుకుని ఉంది. నల్లటిది, కాళ్లు తెలుపు. నన్ను చూసి తోక ఊపింది. నుదుటి మీద పసుపు ఉంది. నేను దాని తల పట్టుకుని బొటనవేలితో ఆ గుర్తు మీద రుద్ది చూపించాను.

"సూసినవా? ఇది మా గుర్తు. టీకా పడ్డ కుక్క. దీనితోని ఏం కాదు. సబ్బు పెట్టి మంచిగ కడుక్కో, సరిపోతది."

"అయితే దవాఖాన అక్కర లేదా?"

"నీ ఇష్టం. ఏం కాదని నేను చెప్తున్న గదా."

ఆ కుక్కను పెంచే అవ్వ గడపలో నిలబడి ఇదంతా చూస్తూనే ఉంది. ఒక్క మాటా మాట్లాడలేదు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. ఆ అవ్వ మాట్లాడకుండా ఉండే మనిషి కాదు. నన్ను చూస్తే చాలు, 'ఏం మున్సిపాలిటీ సారూ, ఇయ్యాల ఎవరి కుక్కను మాయం చేయవడ్తివి' అని గల్లీ అంతా వినబడేలా అడిగేది. నాది మున్సిపాలిటీ కాదని ఎన్నిసార్లు చెప్పినా అంతే. దానికి ఒక కారణం ఉంది. రెండేళ్ల కింద ఆమెకు ఇంకో కుక్క ఉండేది. దాన్ని ఆపరేషన్‌కు నేనే తీసుకెళ్లాను. తిరిగి తెచ్చిన రోజు వ్యాను లోపలికి పోయే దారి లేదు, పెళ్లి పందిరి అడ్డం ఉంది. గల్లీ మొగదలలోనే పంజరం తలుపు తీసి వదిలాను. ఇల్లు దానికి తెలుసు కదా అనుకున్నాను. అక్కడి కుక్కలు దాన్ని ఫోరస్ రోడ్డు వైపు తరిమాయి. అది మళ్లీ కనిపించలేదు. పుస్తకంలో 'వదిలాము' అని రాసి ఉంది. ఆమె ఆఫీసుకు వచ్చి గొడవ చేస్తే, వదలడం వరకే నా డ్యూటీ అని నేను వాదించి గెలిచాను.

ఇంటికి వెళ్లి చేతులు కడుక్కుంటున్నాను. బట్టల సబ్బే ఉంది, అదే రుద్దాను. నురగ ఎర్రబడింది. మొదట నెత్తురనుకుని వేలు చూసుకున్నాను. గాయమేమీ లేదు. మా ఆవిడ అన్నం గిన్నె దించుతూ చూసి, "ఆదివారం పోయినంక బోనమెత్తినవా ఏంది, చేతికి పసుపేంది?" అంది.

పసుపుకు సబ్బు తగిలితే ఎర్రబడుతుందని వంటింట్లో నిలబడిన ప్రతి మనిషికీ తెలుసు. మా పసుపు కడ్డీ రంగు ఎర్రబడదు. అసలు పోనే పోదు. పోదని మూడు కాగితాలు రాశాను. బొటనవేలితో ఒక్కసారి రుద్దితే రాలి వచ్చిన రంగు మాది కాదని, ఆ కాగితాలు రాసిన వేలికే తెలియలేదు.

మా గల్లీల్లో ఒక పద్ధతి ఉంది. ఊళ్లో ఉందో లేదో నాకు తెలియదు గానీ, ఇక్కడ మా నాయనమ్మ నాటి నుంచీ చూస్తున్నాను. బోనం గల్లీ దాటేటప్పుడు గడప ముందున్న కుక్కకు నుదుట పసుపు పెడతారు. అమ్మవారు నడిచే దారికి అది కాపలా అని. చిన్నప్పుడు మా నాయనమ్మ గిన్నె పట్టుకుంటే నేనే పెట్టేవాణ్ని. డాక్టరమ్మకు ఇది తెలియదు. ఆమెకు తెలిసే దారి లేదు. నాకు తెలుసు. ఆదివారం జరిగింది సోమవారానికే నా తలలోంచి పోయింది. రంగు చొక్కాకు అంటుతోందని మూడు కాగితాలు ఖర్చు చేశాను గానీ, బోనాలకు ముందు పసుపు రంగు ఎందుకు అని ఒక్క ముక్క రాయలేదు.

అన్నం ముట్టకుండా పక్క చాల్‌కు పరుగెత్తాను. అవ్వ గడపలోనే కూర్చుని ఉంది.

"అవ్వా, ఈ కుక్కకు మావోళ్లు సూది వేసిన్రా, లేదా?"

"ఎయ్యలే."

"మూడు దినాలు తిరిగినం గదనే! ఏడ పోయింది ఇది?"

"మంచం కింద వెట్టి, అడ్డం సందుగ పెట్టె వెట్టిన. మీ వ్యాను సప్పుడు పోయినంకనే తీసిన."

"మరి ఇందాక నేను గుర్తు చూపిస్తుంటే చెప్పవా?"

"జెప్తే పట్కపోతవ్. పట్కపోయి గల్లీ మొగదల ఇడుస్తవ్. ఒక కుక్కను ఇచ్చిన గద నీకు, ఇంకొకటి కావాల్నా?"

రెండేళ్ల కింద వాదన గెలిచినందుకు ఆ మాట నేను కట్టిన వడ్డీ.

పైకి ఎక్కాను. ఖోలీలో అతని సామాను లేదు. మేస్త్రి వచ్చి ముగ్గురిని మూటాముల్లెతో తీసుకుపోయాడట, పనికాడే ఉండాలట. ఎక్కడ అని అడిగితే మిగిలినవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నేను మేస్త్రి మీద కేసు పెట్టడానికి వచ్చానేమో అనుకున్నారు. ఫోన్ నంబరు ఇచ్చారు, స్విచ్ఛాఫ్. చివరికి ఒకడు, "ధారావి దిక్కు కాకా, కొత్త బిల్డింగు. నీలం రేకులు అడ్డం గట్టిన్రు" అన్నాడు. ధారావి దిక్కున నీలం రేకులు లేని సందు ఏది?

డాక్టరమ్మకు ఫోన్ చేశాను. మొత్తం చెప్పాను. ఆమె అరవలేదు. "అంకల్, హాస్పిటల్‌కు వద్దన్నారా మీరు?" అని అడిగింది.

"వద్దనలేదు. నీ ఇష్టం అన్నాను."

ఆమె కొంచెంసేపు ఏమీ అనలేదు. ఉద్యోగంలో నన్ను చాలామంది చాలా అన్నారు, తేదీలతో సహా చెప్పగలను. ఆ ఊరుకోవడం వాటన్నిటికన్నా ఎక్కువగా గుర్తుంది. తర్వాత ఆమె పని మాటలు చెప్పింది. కుక్కకు రోగం ఉందో లేదో పది రోజులు చూస్తే తప్ప తెలియదు. మనిషి మాత్రం పది రోజులు ఆగకూడదు. రోగం తలకెక్కాక ఏ డాక్టరూ ఏమీ చేయలేడు. రేపే అతన్ని పట్టుకోండి.

ఇదంతా నాకు తెలియనిది కాదు. నేను బస్తీల్లో నిలబడి వందసార్లు చెప్పిన మాటలే. నా మాటలు నాకే వినిపిస్తుంటే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది.

పొద్దున్నే ధారావి వెళ్లాను. నీలం రేకుల వెంట తిరిగాను. మొదటి సైటులో వాచ్‌మన్ నన్ను లోపలికి రానివ్వలేదు. రెండో దాంట్లో అందరూ బీహారువాళ్లు. మూడో దాంట్లో ఎవరో తెలుగులో తిట్టుకుంటున్నారు. ఆ తిట్లు విని నాకు ప్రాణం లేచొచ్చింది. అతను రెండో అంతస్తులో గోడకు ప్లాస్టరు కొడుతున్నాడు. పిక్కకు గుడ్డ కట్టి ఉంది. విప్పమంటే విప్పాడు. గాయం మీద కారం, సున్నం కలిపి పట్టించాడు.

"ఇదేంది?"

"మా ఊర్ల గిట్లనే పెడ్తరు కాకా. నువ్వు సబ్బు అంటివి, ఈడ సబ్బు యాడిది?"

"కడుగు దాన్ని. నడువు, దవాఖానకు పోదం."

"ఏం గాదంటివి గద?"

"ఇప్పుడు పోదాం అంటున్న."

మేస్త్రి కిందనుంచి కేక వేశాడు. "ఏ కాకా, ఎవరు నువ్వు? పని టైముల ఏం ముచ్చట? స్లాబు మీద నీళ్లెవరు గొట్టాలె, నువ్వు గొడ్తవా?"

పని ఆగిపోయింది. పదిహేను మంది దాకా చుట్టూ చేరారు. మేస్త్రి పైకొచ్చి నిలబడ్డాడు. నాకు ఇంకో దారి కనిపించలేదని కాదు. ఆఫీసువాళ్లు తప్పు రాశారనో, డాక్టరమ్మ రమ్మందనో చెప్పొచ్చు. అలాంటి మాటల్లో నాకు మంచి అలవాటే ఉంది. నోరు తెరిచాను కూడా. అతను కింద కూర్చుని, సిమెంటు నీళ్లతోనే పిక్క కడుక్కోబోతున్నాడు. డ్రమ్ములో మంచినీళ్లున్నాయి, అటు చూపించాను. అప్పుడు చెప్పాను.

"నేను నీకు తప్పు చెప్పిన. ఆ కుక్కకు సూది పడలే. దాని తల మీదున్నది బోనాల పసుపు. మా రంగనుకున్న. నేను చూసుకోలే. అందరి ముందర చెప్తున్న, తప్పు నాది. ఇప్పుడు నువ్వు రాకపోతే నీ ప్రాణం మీదికి వస్తది."

మేస్త్రే ముందు కదిలాడు. "పో, పో. ఏదన్నయితే నా మెడకు జుట్టుకుంటది" అన్నాడు. దయతో అన్నాడా అంటే చెప్పలేను. నాకు పనైంది.

అతను లేచి చొక్కా మార్చుకున్నాడు. నా వెంట బస్టాపుకు నడిచాడు. బస్సెక్కాక కిటికీలోంచి చూస్తూ అన్నాడు.

"ఈ ఊర్ల అందరు హిందీల జెప్తరు, మరాఠీల జెప్తరు. సగం సమజ్ గాదు, ఎవ్వన్ని నమ్మను. నువ్వు తెలుగుల జెప్తివి. అందుకే నమ్మితిని."

ఇందులో ఒక్క తిట్టూ లేదు. దీని మీద ఫిర్యాదు రాయడానికీ లేదు.

మున్సిపల్ ఆస్పత్రిలో వరుస పొడుగ్గా ఉంది. ఆ లోపు కుళాయి కింద అతని కాలు పెట్టించి, కారం, సున్నం మొత్తం పోయేదాకా పావుగంట సబ్బుతో నేనే కడిగాను. మంటకు అతను నా భుజం గట్టిగా పట్టుకున్నాడు. లోపల డాక్టరు గాయం చుట్టూ సూది పొడిచింది, భుజాలకు సూదులు వేసింది. మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు మళ్లీ రావాలని చీటీ రాసి ఇచ్చింది. 'నిన్ననే ఎందుకు రాలేదు' అని అతన్ని కోప్పడింది. అతను నా వైపు చూశాడు గానీ నా పేరు చెప్పలేదు. నేనే చెప్పుకున్నాను. నాకూ పడ్డాయి నాలుగు చీవాట్లు.

బయటికొచ్చి టీ తాగుతుంటే అతను అడిగాడు.

"కాకా, ఆ పసుపు ఈ ఒక్క కుక్కకే పెట్టిన్రా?"

"కాదు. గడపకొకటి పెడ్తరు."

"మరి నాకు జెప్పినట్టు ఇంకెవరికి జెప్పినవ్?"

టీ గ్లాసు అక్కడే పెట్టేశాను. సోమవారం నుంచి నన్ను అడిగినవాళ్లు ఇంకా ఉన్నారు. ఒక టైలరు కూతురిని పిల్లకుక్క గీరింది. పాలవాడి చెయ్యి మీద పన్ను తగిలింది. ఇద్దరికీ నేను అదే మాట చెప్పాను. ఏం కాదు.

ఆ మధ్యాహ్నమే ఇద్దరి ఇళ్లకూ వెళ్లి, సైటులో చెప్పిన మాటలే చెప్పి ఆస్పత్రికి పంపాను. టైలరు నన్ను అన్న మాటలు ఇక్కడ రాయను, గుర్తు మాత్రం ఉన్నాయి. తర్వాత బట్టల సబ్బు ముక్క, తడిగుడ్డ పట్టుకుని సోమవారం తిరిగిన ఎనిమిది గల్లీలు మళ్లీ తిరిగాను. తల మీద పసుపున్న ప్రతి కుక్క దగ్గరా ఆగి, బిస్కెట్టు పెట్టి, సబ్బు గుడ్డతో నుదురు రుద్దాను. గుడ్డ ఎర్రబడితే బోనాల పసుపు. తల మీది గీత చెదరకుండా ఉంటే మా రంగు. ఈ పరీక్ష ఏ డాక్టరు చదువులోనూ లేదు.

గల్లీ అంతా నవ్వింది. "ఏం కాకా, కుక్కలకు తలంట్లా? దీపావళి ముందే వచ్చిందా?" అని ఒకరు. "మా ఆయన్ని గూడ జర రుద్దిపో, వారమైంది స్నానం చేసి" అని కిటికీలోంచి ఒక ఆవిడ. సాయంత్రం డాక్టరమ్మ వచ్చింది. ఏమీ అడగకుండా నా చేతిలోంచి సబ్బు ముక్క తీసుకుని ఇంకో వైపు నుంచి మొదలుపెట్టింది. చీకటి పడకముందే ముగించాం. గుడ్డ ఎర్రబడిన కుక్కలు పంతొమ్మిది. వాటన్నిటినీ టీకా వేసినవిగా నేను రాసి ఉన్నాను.

మరుసటి రోజు ఆ పంతొమ్మిదిలో పద్దెనిమిదింటికి టీకాలు వేశాం. పంతొమ్మిదోది అవ్వ కుక్క. కరిచిన కుక్క కాబట్టి దాన్ని పది రోజులు కనిపెట్టి ఉండాలి. దాన్ని మా షెడ్డుకు తీసుకెళ్తే అవ్వ బతకనివ్వదు. డాక్టరమ్మను ఒప్పించి, దాన్ని అవ్వ ఖోలీలోనే కట్టేయించాను. పది రోజులూ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వెళ్లి చూశాను. తింటోందా, నీళ్లు తాగుతోందా, గొంతు మారిందా అని. అవ్వ నన్ను గడప దాటనివ్వలేదు. "ఆన్నించే సూడు. అది బాగనే ఉన్నది. నువ్వే పీల్చుకపోయినవ్" అనేది. పదో రోజు కూడా కుక్క అవ్వ విసిరిన మురుకు ముక్క ఎప్పటిలాగే తింది. దానికి రోగం లేదు. గడపలోనే టీకా వేశాం, నీలం గీత గీశాం. "ఇప్పుడు ఇడువు, ఈడనే ఇడువు" అని అవ్వ నేలను వేలితో చూపించింది. అక్కడే వదిలాను. ఆమె పాత కుక్క సంగతి నేనూ ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు. అందుకు నేను చెప్పాల్సిన మాట మాత్రం ఇప్పటికీ చెప్పలేదు.

నీలం గీత ఎలా వచ్చిందంటే, ఈ రంగు గొడవలో నేను నాలుగో ఫిర్యాదు రాశాను. ఈసారి నా మీదే. లెక్క రాసిన మనిషి చూసుకోకుండా రాశాడు, కుక్క కరిచినవాళ్లకు తప్పు చెప్పాడు, తగిన చర్య తీసుకోగలరు అని. పేరూ సంతకమూ పెట్టాను. నా నలభై ఒక్క ఫిర్యాదుల్లో పని జరిగింది దాని మీదే. రంగు మార్చారు. ఇంకో నియమం పెట్టారు: ఏ గుర్తు కనిపించినా కనిపించకపోయినా, కుక్క కరిచిన మనిషిని ఆస్పత్రికే పంపాలి, ఏం కాదు అనే మాట మనలో ఎవరూ అనకూడదు. పిల్లలూ, మీ పుస్తకం మొదటి పేజీలో ఉన్న ఆ వాక్యం ఎవరు రాశారో కింద లేదు. నన్నడిగితే ఉండాల్సింది. ఇక నా మీద ఏ చర్యా తీసుకోలేదు. 'అంకల్ నిజాయతీ' అని మీటింగులో చప్పట్లు కొట్టించారు. నేను అడిగింది చప్పట్లు కాదు.

పాలమూరు అతను నాలుగు సార్లూ వచ్చి సూదులు వేయించుకున్నాడు. నేను నాలుగు సార్లూ ఆస్పత్రి గేటు దగ్గర నిలబడ్డాను. చివరి రోజు చీటీ మడిచి జేబులో పెట్టుకుని, "ఇగ పోత కాకా" అన్నాడు. అంతే.

మళ్లీ ఏడాదికి, నేను రిటైరయ్యే నెలలో, పొద్దున కూలీలు నిలబడే నాకా దగ్గర కనిపించాడు. రోడ్డుకు అటువైపు నుంచే చెయ్యెత్తి అరిచాడు.

"కాకా! మొన్న మావోన్ని కుక్క గరిసె!"

"ఏ కుక్క? ఏ గల్లీల? గుర్తు ఉన్నదా?" అని నేనూ అరుస్తూ రోడ్డు దాటబోయాను.

"ఆగాగు, నువ్వు రాకు" అన్నాడు నవ్వుతూ. "నిన్ను అడగలే. సబ్బు వెట్టి కడిగి, సీదా దవాఖానకే తోల్కపోతిని."

మంచి పని చేశావన్నాను. అది నిజంగానే మంచి పని. నన్ను ఒక్క మాట కూడా అడగలేదన్నది మాత్రం ఇంకా మరిచిపోలేదు.